బ్రేకు మాస్టారి కుడికాలు

మనుషుల్లో కొందరికి చెయ్యి పేరు తెస్తుంది, కొందరికి గొంతు పేరు తెస్తుంది. మా వీధి చివర డ్రైవింగ్ స్కూలు నడిపే మాస్టారికి పేరు తెచ్చింది కుడికాలు. ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆయన స్కూలు కారులో ఎడమవైపు సీటులో కూర్చున్నారు. నేర్చుకునేవాడి ముందు ఎలాగూ మూడు పెడళ్ళు ఉంటాయి. మాస్టారి ముందు విడిగా రెండు బిగించారు: ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. ఆ బ్రేకు మీద ఆయన కుడికాలు ఉండేది. ఉండేది అనడం కన్నా కాపురం చేసేది అనడం సబబు.

ఆ కాలి పుణ్యమా అని నాలుగువేల పైచిలుకు జనం ఎవరినీ గుద్దకుండా బండి నేర్చుకున్నారు. బ్రేకు వెయ్యాలన్న ఆలోచన శిష్యుడి బుర్రలో పుట్టేలోపే బండి ఆగిపోయేది. దీనివల్ల ఒక చిన్న చిక్కు మాత్రం వచ్చేది. పరీక్ష రోజున పక్కన మాస్టారికి బదులు ఇన్‌స్పెక్టరు కూర్చున్నప్పుడు, ఎదురుగా సైకిలు అడ్డం వస్తే, మాస్టారి శిష్యులు స్టీరింగ్ పట్టుకుని నిశ్చింతగా చూస్తూ ఉండిపోయేవారు, ఎప్పటిలాగే బండి తనంతట తనే ఆగుతుంది కదా అని. అందుకని ఆయన దగ్గర నేర్చుకుని మొదటిసారే గట్టెక్కినవాళ్ళు అరుదు. ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే మాస్టారు భుజం తట్టేవారు.

"ఫెయిలైతే మళ్ళీ నా దగ్గరికే వస్తావు. పాసైతే ఎక్కడికి పోతావో నాకేం తెలుసు? ఇదే మేలు."

బ్రేకు మాస్టారు అన్న బిరుదు ఆయనకి ఎవరిచ్చారో తెలియదు. ఆయన మాత్రం దాన్ని వినయంగా స్వీకరించారు.

ఇంతటి జీవితంలో ఆయనకి ఎదురైన అపజయం ఒక్కటే. అది ఆయనతోనే, ఒకే ఇంట్లో ఉంటుంది. మాస్టారి భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తారు. పన్నెండేళ్ళ కిందట ఆవిడకి కారు నేర్పడానికి మాస్టారే పూనుకున్నారు. నలభై ఒక్క పాఠాలు జరిగాయి. నలభై ఒకటో పాఠంలో కూడా బండి రెండో గేరు దాటలేదు, దాటబోయినప్పుడల్లా ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ సాయంత్రం పూట కుట్టుపని క్లాసుకి వెళ్తున్నానని చెప్పి మూడు వారాలు వెళ్ళారు. మూడో వారం ముగిసేసరికి ఇంటికి కుట్టిన గుడ్డముక్క ఒక్కటీ రాలేదు గానీ లైసెన్సు వచ్చింది. అదీ ఎదురు వీధి డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఇప్పించినది. ఇంట్లో ఈ ఘటన గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు "ఆ సంగతి" అంటారు. చరిత్రలో పెద్ద పెద్ద యుద్ధాలకి కూడా ఇంత క్లుప్తమైన పేరు పెట్టలేదు.

అప్పటినుంచీ ఆవిడ ల్యాబు వ్యాను నడుపుతూ ఊరంతా తిరిగి రక్తం సీసాలు పోగుచేశారు. ఇంటి కారు జోలికి మాత్రం పోలేదు. పదహారేళ్ళ వయసున్న ఆ కారులో కుడివైపు సీటు మాస్టారిది. ఆ సీటులో దూదికి కూడా ఆయన ఆకారం వచ్చేసింది.

ఈ ప్రశాంతతకి ముప్పు ల్యాబు వైపునుంచే వచ్చింది. తొంభై కిలోమీటర్ల దూరంలోని పట్నంలో ల్యాబు వాళ్ళు కొత్త శాఖ తెరుస్తూ, దాని బాధ్యత ఆవిడకి అప్పగించారు. వారానికి మూడు రోజులు వెళ్ళాలి. ఏమీ తినకుండా వచ్చేవాళ్ళ రక్తం ఏడింటికల్లా తీయాలి. మొదటి బస్సు అక్కడికి ఎనిమిదిన్నరకి చేరుతుంది. కాబట్టి కారు తప్పదు. కారు తప్పదంటే మాస్టారు తప్పరు. దారి చూసుకోవడానికని ఒక ఆదివారం ఇద్దరూ వెళ్ళి వచ్చారు. సూదిలా తిన్నగా పోయే రోడ్డు. పోనూ రానూ నూట ఎనభై కిలోమీటర్లు మాస్టారి కుడికాలు యాక్సిలరేటర్‌ని ఒకే తీరున నొక్కిపట్టింది. ఇంటికి చేరాక ఆయన కారు దిగి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మోకాలికి ఏమైందండీ?"

"ఏం కాలేదు. తలుపు బిగుతుగా ఉందో లేదో చూస్తున్నా."

"పది నిమిషాలనుంచా?"

ఎముకల డాక్టరు మోకాలిని అటూ ఇటూ వంచి, అది చేసిన చప్పుడు విని, కాలు వంచి ఒకేచోట నొక్కిపట్టడం పనికిరాదన్నాడు. పది నిమిషాలకోసారి చాపాలి. దూరం వెళ్ళేటప్పుడు ఇంకెవరినైనా నడపమనాలి.

"ఇంకెవరు నడుపుతారు?" అన్నారు మాస్టారు.

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఫ్యాను వైపు చూశారు. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ ఫ్యాను వైపు చూడలేదు.

"నేను నడుపుతానండీ. వారానికి మూడు రోజులే కదా."

"నీకొచ్చా?"

"లైసెన్సుంది."

"లైసెన్సు కాగితం. బండి ఇనుము."

"ల్యాబు వ్యాను కూడా ఇనుమేనండీ. మేమేం కాగితంతో చేయించలేదు."

మాస్టారు మొహం గంటు పెట్టుకుని మోకాలికి మందు రాసుకోసాగారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరికి బండి నేర్పిన మనిషి, సొంత కారులో, సొంత భార్య పక్కన, ఎడమ సీటులో, తొక్కడానికి పెడల్ కూడా లేకుండా కూర్చోవడం! తన స్కూలు గుమ్మంలో నుంచి ఆ దృశ్యం ఎదురు వీధివాడు చూడడం! ఆయనకి మోకాలి నొప్పి తగ్గినట్టే అనిపించింది. లేవబోయేసరికి అలా ఏమీ లేదని తేలింది.

ఆ సమయంలో బావమరిది వచ్చాడు, కొత్త కారులో. అతను వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కొత్తది కొనే వస్తాడు.

"బావగారూ, ఇంత చిన్నదానికి దిగులెందుకు? క్రూయిజ్ కంట్రోల్ పెట్టించండి. డెబ్భై మీద పెట్టి మీట నొక్కారంటే చాలు, వేగం అదే చూసుకుంటుంది. కాలు తీసేసి హాయిగా కూర్చోవచ్చు. నేనైతే కాలు ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోతాను."

"నువ్వు ఏది ఎక్కడ పెట్టావో ఎప్పుడు గుర్తుంది గనక?" అన్నారు అక్కగారు.

"నాది నీ కారులా పుట్టుకతోనే అన్నీ ఉన్నది కాదు," అన్నారు మాస్టారు.

"ముసలి కార్లకి కూడా విడిగా బిగిస్తున్నారు బావగారూ. మనుషులకి కట్టుడు పళ్ళు పెట్టట్లేదూ?"

ఆవిడ కాసేపు ఆలోచించారు. "సరే, పెట్టించండి. శాఖ తెరిచేది వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం. ఆ రోజు పొద్దున్నకి అది పనిచేస్తే బండి మీరు నడపండి. పనిచేయకపోతే నేను నడుపుతాను. తర్వాత నసగకూడదు."

మాస్టారు ఒప్పుకున్నారు. నసగకూడదన్న షరతు మీద మాత్రం కొంత నసిగారు.

కార్లకి కరెంటు పని చేసే మెకానిక్ కొట్టు, టైర్ల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది. లోపల గోడనిండా వైర్లు రంగు రంగుల జడల్లా వేలాడుతుంటాయి. మెకానిక్‌కి నలభై ఏళ్ళుంటాయి. ఇతనూ మాస్టారి శిష్యుడే, రెండుసార్లు ఫెయిలైన శిష్యుడు. మాస్టారు వస్తే ఇప్పటికీ లేచి నిలబడతాడు.

అతను సరంజామా అంతా బల్ల మీద పరిచి చూపించాడు. అరచేతిలో పట్టేంత మోటారు ఒకటి, దాన్నుంచి యాక్సిలరేటర్ తీగని లాగే ఇంకో తీగ. ఇరుసుకి అంటించడానికి రెండు అయస్కాంతాలు, అవి నిమిషానికి ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టే సెన్సర్. స్టీరింగ్ పక్కన ఒక మీట. ఇవన్నీ బ్రేకు లైటు వైరుకీ, క్లచ్‌కీ ముడిపెట్టాలి. బ్రేకు మీద కాలు కాస్త తగిలిందంటే చాలు, యంత్రం పట్టు వదిలేస్తుంది.

మాస్టారు కుర్చీ లాక్కుని ఆ మోటారుకి మౌఖిక పరీక్ష మొదలుపెట్టారు.

"ఎదురుగా కుక్క వచ్చిందనుకో. ఇదేం చేస్తుంది?"

"గుద్దేస్తుంది మాస్టారూ."

"ముందు లారీ ఆగిందనుకో."

"దాన్నీ గుద్దేస్తుంది. చూసే పని మీదండీ. వేగం పట్టుకోవడం ఒక్కటే దీని పని."

"అంటే కళ్ళు లేవు, చెవులు లేవు, భయం లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళందరి కన్నా ఇది అధ్వాన్నం."

"అయినా ఎదురు మాట్లాడదు కదండీ," అన్నాడు మెకానిక్.

పని రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మాస్టారు బానెట్ పక్కనే నిలబడి, ఏ వైరు ఎక్కడికి పోతోందో అడిగి తెలుసుకుని, తెలుసుకున్నదాన్ని నమ్మకుండా మళ్ళీ అడిగారు. గురువారం మధ్యాహ్నం కారు కిందనుంచి మెకానిక్ బయటికి వచ్చి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటి రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. డెబ్భై చేరాక మీట నొక్కి కాలు తీసేశాడు. పదహారేళ్ళ కారు పన్నెండు కిలోమీటర్లు డెబ్భై మీద ముల్లు కదలకుండా పోయింది. ఎత్తు వస్తే కాస్త మూలిగింది, అంతే. ఆ పన్నెండు కిలోమీటర్లూ మాస్టారు కుడికాలితో కింద పరిచిన చాపని నొక్కుతూనే ఉన్నారు. అది ఎడమ సీటు. అక్కడ పెడల్ లేదు. అందుకని ఎవరూ పట్టించుకోలేదు.

తిరుగుదారిలో మాస్టారు నడిపారు. డెబ్భై చేరాక మీట నొక్కారు. పదకొండు సెకన్లలో యంత్రం చేతులెత్తేసింది. మళ్ళీ నొక్కారు, తొమ్మిది సెకన్లు. మూడోసారి పద్నాలుగు. మాస్టారు మొహంలో బాధ కనిపించాల్సిన చోట ఏదో తృప్తి కనిపించింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి మెకానిక్‌ చేత ఆ అంకెలు రాయించారు.

"నిలకడ లేదోయ్ దీనికి. మొదటిరోజే అనుకున్నా."

మెకానిక్ తల గోక్కున్నాడు. ఆ సాయంత్రమే అయస్కాంతాలు ఊడదీసి మళ్ళీ అంటించాడు. శుక్రవారం పొద్దున బ్రేకు దగ్గరి స్విచ్చి మార్చాడు. తను నడిపితే బంగారంలా పోతోంది. మాస్టారు నడిపితే పది సెకన్లకి పడిపోతోంది. కారు కూడా మనిషిని చూసి ప్రవర్తిస్తుందని అతనికి అంతకుముందు తెలియదు. శనివారం అతనికి ఒక ఉపాయం తట్టింది. బ్రేకు లైటు వైరు నుంచి ఒక పాయ తీసుకొచ్చి, డాష్‌బోర్డు మీద గురివిందగింజంత ఎర్ర బల్బు పెట్టాడు. స్విచ్చిలో తేడా ఉంటే ఇది వెలిగి చెబుతుంది.

శనివారం సాయంత్రం మాస్టారు డెబ్భై మీద మీట నొక్కారు. ఏడు సెకన్లు. బల్బు వెలిగింది, యంత్రం వదిలేసింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ముందు బల్బు వెలిగింది, తర్వాత వదిలేసింది.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, ఎవరో బ్రేకు తొక్కుతున్నారండీ."

"కారులో ఉన్నది మనిద్దరమే."

"అవునండీ."

"నువ్వా?"

"నా దగ్గర బ్రేకు లేదండీ."

మాస్టారు మళ్ళీ మీట నొక్కారు.

"మీ కాలు ఎక్కడుంది మాస్టారూ?"

"నేల మీదే ఉంది."

బల్బు వెలిగింది.

"ఇప్పుడో?"

"చెప్పాను కదటయ్యా, నేల మీద అని!"

బల్బు వెలుగుతూనే ఉంది. మాస్టారు బండిని రోడ్డు పక్కకి తీసి ఆపి, కిందికి వంగి చూశారు. ఆయన కుడికాలు బ్రేకు మీద, ఎన్నో ఏళ్ళుగా అద్దెకున్నవాడు ఇంటాయన్ని చూసినట్టు, ఏ బెరుకూ లేకుండా ఉంది.

"కాలి తప్పేం లేదండీ," అన్నాడు మెకానిక్ మెల్లగా. "యాక్సిలరేటర్ మీరు తొక్కుతున్నంతసేపూ దానికి పని ఉంది. బండి ఇంకొకళ్ళ చేతిలో పెట్టారో, అది వెంటనే తన పాత డ్యూటీకి వెళ్ళిపోతోంది. నన్ను అడిగితే దానికి పింఛను ఇవ్వాలండీ."

ఇల్లు చేరాక మాస్టారు జరిగినదాన్ని వీలైనంత తక్కువగా చెప్పారు. ఆవిడ వీలైనంత ఎక్కువగా అర్థం చేసుకున్నారు.

"ఇప్పుడు తెలిసిందా మీకు? సినిమా హాల్లో తెర మీద కారు జోరుగా వస్తే ముందు సీటాయన వెనక్కి తిరిగి మీతో ఎందుకు గొడవపడ్డాడు? పళ్ళ డాక్టరు మిషను ఆన్ చేయగానే ఆ కుర్చీకి కాళ్ళ దగ్గరి పలక ఎందుకు విరిగింది?"

"అది నాసిరకం కుర్చీ."

"మూడు కుర్చీలూ నాసిరకమేనా?"

ఆదివారమంతా కాలికి శిక్షణలో గడిచింది. కాలికి నేర్పడానికి మాస్టారికి మాస్టారు ఎవరూ లేరు గనక ఆయనే రెండు పాత్రలూ పోషించారు. బావమరిది ఫోనులో చెప్పిన ఉపాయం ప్రకారం కాలిని సీటు కిందికి మడిచి పెట్టారు. కుడికాలు బ్రేకుకి జానెడు దూరం దాటకూడదని స్కూలు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించినది ఆయనే. అయినా మనసు రాయి చేసుకున్నారు. యంత్రం నాలుగు కిలోమీటర్లు పట్టు వదలకుండా నడిచింది. నాలుగో కిలోమీటరు చివర రోడ్డు పక్కన ఒక కుక్క పడుకుని ఉంది. అది పడుకునే ఉంది, కనీసం చెవి కూడా కదపలేదు. కుడికాలు మాత్రం సీటు కిందనుంచి ఎగిరివచ్చి, దారిలో మోకాలిని స్టీరింగ్ కింది భాగానికి బాది, బ్రేకు మీద దిగింది. మధ్యాహ్నానికి మోకాలు బత్తాయికాయంత అయింది.

సోమవారం తెల్లవారుతుండగా ఆవిడ సంచీతో వీధి గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు కుంటుకుంటూ వచ్చి, మాటప్రకారం తన అవకాశం తనది గనక, కుడివైపు సీటులో కూర్చున్నారు. ఆవిడ ఎడమవైపు ఎక్కారు. వీధి మలుపులో ఎదురు వీధి స్కూలు ఇంకా తెరవలేదు. మాస్టారు అది గమనించారు.

పెద్దరోడ్డు ఎక్కి డెబ్భై మీద మీట నొక్కారు. బల్బు వెలిగింది. మళ్ళీ నొక్కారు. వెలిగింది. పన్నెండో కిలోమీటరు రాయి దగ్గరికి వచ్చేసరికి ఏడుసార్లు నొక్కారు, ఏడుసార్లూ వెలిగింది. ఇక లాభంలేదని యాక్సిలరేటర్ మీదే కాలు పెట్టి నడిపారు. మోకాలు సలిపింది. వేగం డెబ్భై నుంచి యాభైకి, యాభై నుంచి నలభైకి జారింది. వెనకనుంచి ఒక పాలవ్యాను హారన్ కొట్టి దాటిపోయింది. ఆవిడ గడియారం చూసుకున్నారు. భర్త వైపు చూడలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. అక్కడ మొదటిరోజే ఇరవైరెండుమంది ఖాళీ కడుపుతో వచ్చి, తలుపు ముందు కూర్చుంటారని ఆవిడ రాత్రి భోజనాల దగ్గర అన్నారు. నసగకూడదన్నది షరతు, అవును. నసగకుండా ఇంకో డెబ్భై కిలోమీటర్లు ఇలా వెళ్తే మాత్రం ఆ ఇరవైరెండుమంది బస్సు చేరేవేళ దాకా అలాగే కూర్చుంటారు.

మాస్టారు సిగ్నలు వేసి, అద్దం చూసుకుని, శాస్త్రోక్తంగా బండిని పక్కకి ఆపారు.

"దిగు," అన్నారు.

"ఎందుకండీ?"

"ఇటు వచ్చి కూర్చో. ఆలస్యం అవుతోంది."

ఆవిడ దిగి, ముందువైపునుంచి చుట్టూ తిరిగి వచ్చారు. మాస్టారు బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ఎడమవైపుకి చేరారు. సొంత కారుని భార్య చేతికిచ్చి ఆ కొద్ది అడుగుల దూరం ఆయన ఎప్పుడూ నడవలేదు.

"అద్దం సరిచేసుకో."

"చేసుకున్నానండీ."

"సీటు ముందుకి..."

"జరుపుకున్నా."

"హ్యాండ్ బ్రేకు?"

"దించాను. మీరు బెల్టు పెట్టుకోలేదు."

మాస్టారు కిందికి చూసుకున్నారు. నిజమే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇది మొదటిసారి. బెల్టు పెట్టుకున్నారు.

ఆవిడ గేరు మారుస్తుంటే మాస్టారు చెవులు రిక్కించి విన్నారు. తప్పు పట్టుకుందామని వినడం వేరు, పట్టుకోక తప్పదని వినడం వేరు. ఆయన రెండూ చేశారు, ఏదీ దొరకలేదు. డెబ్భై చేరగానే ఆవిడ మీట నొక్కారు.

"కాలు తీసేశావా?"

"తీసేశానండీ."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

బల్బు వెలగలేదు. కిలోమీటరు గడిచింది, రెండు గడిచాయి. ముల్లు డెబ్భై మీద మేకు కొట్టినట్టు నిలబడింది. ఎడమవైపు మాస్టారి కాలి కింద చాప ముడతలు పడి, గుట్టగా పేరుకుంది. ఇరవై ఆరో కిలోమీటరులో ముందు ఒక లారీ నెమ్మదించింది. ఆవిడా, మాస్టారూ ఒకేసారి తొక్కారు. బండి మాత్రం ఆవిడ తొక్కినందుకే నెమ్మదించింది. ఆవిడ లారీని దాటి, మళ్ళీ మీట నొక్కి, ఏమీ జరగనట్టు ముందుకి చూశారు. ఏమీ జరగలేదు కూడా.

"ఆ ఎదురు వీధివాడు ఎన్ని పాఠాలు చెప్పాడు నీకు?" అని అడిగారు మాస్టారు, పన్నెండేళ్ళ తర్వాత.

"పద్దెనిమిదండీ."

"ఊఁ." మళ్ళీ అడిగారు. "అతని కారులో ఎడమవైపు బ్రేకు లేదా?"

"ఉంది. ఆయన కాళ్ళు మఠం వేసుక్కూర్చునేవారు. నాకు మొదట్లో ప్రాణాలు పోయేవి."

మాస్టారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. మెల్లగా కుడికాలు ముందుకి చాపారు. అది చాపని వదిలి, కొంచెం వణికి, మడమ మీద ఆగింది. డాక్టరు చెప్పిన పది నిమిషాల చాపుడు ఇన్నాళ్ళకి మొదలైంది. ఇప్పుడు కళ్ళకి పని లేదు. ముల్లు చూడక్కరలేదు, బల్బు చూడక్కరలేదు, రోడ్డు ఆవిడ చూస్తున్నారు. ఖాళీగా ఉండలేక ఆ కళ్ళు కిటికీ బయటికి వెళ్ళాయి. అక్కడ, రోడ్డుకి సమానంగా, తెల్లవారే వెలుగులో ఒక ఏరు పారుతోంది. రెండు కొంగలు, బోర్లించిన పడవ ఒకటి, ఒడ్డున రెల్లు.

"ఏమోయ్, ఈ ఏరు ఎప్పుడొచ్చింది ఇక్కడికి?"

"పెళ్ళయిన కొత్తలో కూడా ఉందండీ. ఈ రోడ్డు మీదే కదా వెళ్ళాం."

"నాకెందుకు చూపించలేదు?"

"చూపించాను. చెయ్యి అడ్డం తియ్యి, అద్దం కనపడట్లేదు అన్నారు."

మాస్టారు బెల్టు కాస్త వదులు చేసుకుని, కిటికీ వైపుకి తిరిగి కూర్చున్నారు. ఆ ఏరు ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు వాళ్ళ పక్కనే వచ్చింది. ఆ పద్నాలుగు కిలోమీటర్లూ ఆయన రోడ్డు వైపు చూడలేదు.